డేరాల్లో నడిచిన రాజధాని

రాజధాని ముచ్చట ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఆలంపూర్‌లో పుట్టి ఎనభై ఏండ్లు దాటినవాణ్ని. ఇల్లు మారలేదు, ఊరు విడవలేదు. మా ఊరే 1956లో రాయచూరు జిల్లా నుంచి మహబూబ్‌నగర్‌కు, 2016లో జోగులాంబ గద్వాలకు మారింది. గీతలు గీసేది ఎక్కడో, గీత మీద బతికేది మేము.

మా రోజుల్లో ఏరు దాటితే రాజధాని కర్నూలు. మద్రాసు మనదేనని ఆంధ్రులు ఎంతో కొట్లాడారు. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గానీ మద్రాసు రాలేదు. అయినా 1953 అక్టోబర్ 1కల్లా కర్నూలులో ప్రభుత్వం కొలువుదీరింది. పట్టుమని పది నెలలు కాలేదు!

అప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మా నాయన నన్ను పుట్టిలో తుంగభద్ర దాటించి చూపించాడు. ఎటు చూసినా డేరాలే. వాటిలోనే ఆఫీసులు, ఫైళ్లు, గుమాస్తాలు. ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు గారు. మేడలు లేవని ఎవరూ పని ఆపలేదు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని కర్నూలు పేటలకు ఆ నాటి పేర్లే నేటికీ ఉన్నాయి.

ఆ రోజుల్లో అంతా ధర్మంగా జరిగిందని అనను. రాజధానో హైకోర్టో, రాయలసీమ ఏది కోరితే అది ఇవ్వాలని 1937లో శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నారు. దాని ప్రకారమే కర్నూలుకు రాజధాని, గుంటూరుకు హైకోర్టు వచ్చాయి. మూడేండ్లకే తెలంగాణను కలిపి ఆంధ్రప్రదేశ్ చేయడంతో రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. మాట అక్కడ తప్పింది. ఆ నొప్పి కర్నూలు అంగట్లో నేను చెవులారా విన్నాను.

ఇప్పటి సంగతి చూడండి. రాష్ట్రాన్ని విడదీసిన 2014 చట్టం హైదరాబాదును పదేండ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అంది. ఆ తర్వాత అది తెలంగాణదే అంది. మా నగరం మాకు దక్కింది, న్యాయమే. మరి అవతలివాళ్లకు? వాళ్ల కొత్త రాజధాని అమరావతికి రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. నడుమ పాలకులు మూడు రాజధానులన్నారు, తగవు కోర్టులకెక్కింది. 2024 జూన్ 2న గడువు తీరింది, ఊరు మాత్రం పూర్తికాలేదు. డేరాల్లో రాజ్యం నడిపిన వాళ్ల మనవలకు పదేండ్లు చాలలేదా?

చండీగఢ్ సంగతీ అంతే. 1966 నుంచి పంజాబ్, హర్యానా రెండింటికీ అదే రాజధాని. తగవు మాత్రం నేటికీ తెగలేదు.

అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఇల్లు ఒకరికే వస్తుంది. తప్పదు. కానీ రెండోవాడికి ఏం ఇస్తారో ఆ రోజే తేల్చి, ఇచ్చిన మాట మీద నిలబడాలి. మేము మందుమాకులకు నేటికీ కర్నూలుకే పోతాం. పెద్దలు తెగ్గొట్టని తగవు చివరికి ఈ ఏటి గట్టు మీదికే వస్తుంది. అందుకే నా కోపం.