ఇరవై ఒక్క రోజుల వృద్ధభక్తి

ప్రభుత్వాలకు ఉన్నట్టుండి వృద్ధుల మీద వాత్సల్యం పొంగుకొచ్చింది. నీతి ఆయోగ్ 2024 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ సంస్కరణలపై పత్రం వెలువరించిన నాటి నుంచీ, మహారాష్ట్ర తన 2025 గృహనిర్మాణ విధానంలో వయోవృద్ధుల ఇళ్లకు చోటు కల్పించిన తరువాత మరింతగానూ, ‘సీనియర్ లివింగ్’ అన్న బోర్డు తగిలించుకొని వచ్చిన ప్రతి ప్రాజెక్టుకూ ఎర్రతివాచీ పరచడమే వృద్ధసేవ అన్న సిద్ధాంతం పాలకవర్గాలలో స్థిరపడుతున్నది. కోయంబత్తూరు, చెన్నై నగరాలలో ముందే వేళ్లూనిన ఈ వ్యాపారం హైదరాబాదు శివార్లకూ చేరడంతో, అనుమతి పత్రం మీద సంతకం చేయడం తల్లిదండ్రులకు పాదాభివందనం చేయడంతో సమానమన్నంత గంభీరంగా ప్రసంగాలు సాగుతున్నాయి. 55 ఏళ్లకే ‘సీనియర్’ హోదా ప్రసాదించే ఇటువంటి ప్రాజెక్టుల వేదికల మీద, డెబ్బై దాటినా పదవీ విరమణ ఊసెత్తని నాయకులు విశ్రాంత జీవన మాధుర్యాన్ని వర్ణించడం ఈ ఉత్సవంలో ఒక చిన్న వినోదం మాత్రమే.

ఈ ప్రాజెక్టులు వాగ్దానం చేసే అసిస్టెడ్ లివింగ్ అంటే తన పనులు తాను పూర్తిగా చేసుకోలేని వృద్ధులకు మరొకరు చేయి అందించే నివాసం. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, వేళ తప్పకుండా మాత్రలు వేయించడం, మంచం మీది నుంచి కుర్చీలోకీ, కుర్చీలో నుంచి మరుగుదొడ్డికీ నడిపించడం అందులో ప్రధానమైన పనులు. ఇవన్నీ మనుషులు మనుషులకు చేసే పనులే గాని ఇటుకలు చేసేవి కావు. అయితే ప్రభుత్వ మద్దతు అనే మాటను విప్పిచూస్తే అందులో కనిపించేవన్నీ ఇటుకలకు సంబంధించినవే: భవనానికీ ప్రహరీకీ నడుమ వదలవలసిన ఖాళీ జాగా అయిన సెట్‌బ్యాక్, స్థల విస్తీర్ణాన్ని బట్టి ఎంత మేర కట్టుకోవచ్చునో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ, అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, లిఫ్టు, పార్కింగు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం పెద్ద భవనాల దరఖాస్తులకు 21 రోజుల గడువు విధించి, ఆలోగా అధికారులు ఏ సంగతీ తేల్చకపోతే అనుమతి లభించినట్లే భావించాలని చెప్పింది. పౌరుడికి మేలు చేసిన చట్టమే అది. కానీ పక్షవాతం వచ్చిన మనిషిని రాత్రిపూట ఎవరు పక్కకు తిప్పి పడుకోబెడతారన్న ప్రశ్న ఆ 21 రోజులలో ఒక్కనాడూ ఎవరికీ తట్టనక్కరలేదు, ఎందుకంటే దరఖాస్తులో అటువంటి గడి లేదు.

గడి లేని చోట మీట ఉంటుంది. ఈ వ్యాపారానికంతటికీ ఇష్టదైవం వంటి ఆ ‘ఎమర్జెన్సీ బటన్’ ప్రస్తావన లేని బ్రోషర్ అరుదు. మంచం తలాపున ఒకటి, స్నానాల గదిలో ఒకటి, అదనపు రుసుము చెల్లిస్తే మెడలో తాళిబొట్టులాగా వేలాడేది మరొకటి. పడిపోతే నొక్కండి, గుండెల్లో నొప్పి వస్తే నొక్కండి, ఒంటరితనం అనిపించినా నొక్కవచ్చునన్నంత ఉదారంగా వర్ణనలు ఉంటాయి. నొక్కిన తరువాత ఏమవుతుందన్న చోటుకు వచ్చేసరికి మాత్రం బ్రోషర్ గొంతు బొంగురుపోయి, తోటలో నడిచే నెరిసిన జుట్టు దంపతుల ఫొటో వైపు మళ్లుతుంది.

నొక్కిన తరువాత ఏమవుతుందో కాస్త వివరంగా ఆలోచించవలసి ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఆ మీట మోగే చోటు గేటు దగ్గరి సెక్యూరిటీ గది అయితే, అక్కడ కూర్చున్న వ్యక్తి ఏజెన్సీ పంపిన కాపలాదారు అయితే, అతనికి తెలిసినది వాహనాల నంబర్లు రాసుకోవడమే అయితే, ఏడో అంతస్తులో తుంటి ఎముక విరిగి నేల మీద పడి ఉన్న మనిషిని కదపకూడదని అతనికి చెప్పినవారెవరు? లోపలి గడియ వేసి ఉంటే తలుపు తెరిచే మారుతాళం ఎవరి దగ్గర ఉంటుంది? నర్సు ఉన్నదంటే ఆమె ఆ ప్రాంగణంలోనే ఉన్నదా, లేక ఫోనులో ఉన్నదా? ఒక్క రాత్రిలో రెండు ఇళ్లలో మీటలు ఒకేసారి మోగితే ఎవరి తండ్రి ముందు, ఎవరి తల్లి తరువాత? మీటలో బ్యాటరీ ఉన్నదో లేదో చూసే పని ఎలక్ట్రీషియన్‌దా, ఆయాదా, లేక మీట నొక్కవలసిన వృద్ధుడిదేనా?

అన్నిటికన్నా చోద్యం ఏమిటంటే, ఆ మీట పని చేయాలంటే నొక్కేవారికి జ్ఞాపకశక్తి ఉండాలి. దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది, జ్ఞాపకశక్తినీ ఆలోచననూ క్రమంగా హరించే డిమెన్షియాతో బతుకుతున్నారని ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. తన కొడుకును గుర్తుపట్టలేని తల్లి గోడ మీది ఎర్రటి గుండ్రని వస్తువును సహాయ సాధనంగా గుర్తుపడుతుందని నమ్మేవారు బిల్డర్లలోనే గాని వైద్యులలో దొరకరు. కుడి పక్క పడిపోయిన మనిషికి మంచానికి కుడివైపునే మీట బిగించి ఉంటే అది ఉన్నా లేనట్లే. అయినా నమూనా ఫ్లాటును చూడవచ్చిన అతిథులు వరుసగా ఆ మీటను నొక్కి, టంగుమని మోగగానే చిరునవ్వు నవ్వి, సాంకేతికత ఎంత ముందుకు పోయిందోనని మురిసిపోతారు. పట్టపగలు, అంతమంది మధ్య, ఆరోగ్యవంతుడైన అతిథి నొక్కినప్పుడు అది అద్భుతంగానే మోగుతుంది.

ఇక వెటకారం చాలు. ఈ దేశంలో వృద్ధుల సంరక్షణ కేంద్రాలను తప్పనిసరిగా నమోదు చేయించాలని, వాటికీ ఇంటికి వచ్చి సేవలందించే ఏజెన్సీలకూ కనీస ప్రమాణాలు ఉండాలని చెప్పే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదికా వచ్చింది, అటు తరువాత మూడేళ్లకు పైగా మూలన పడి, 2024లో ఆ లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. భవనానికి 21 రోజులు చాలినవి, ఆ భవనంలో పడుకునే మనిషి కోసం నాలుగున్నరేళ్లు చాలలేదు. ఇది జాప్యం కాదు, ఎవరికి ఏది ముఖ్యమో తేటతెల్లం చేసిన నిర్ణయం.

అసలు ఆ బిల్లు సవరించదలచిన 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపోయే ఆశ్రమాన్ని నెలకొల్పే అవకాశం రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. తప్పనిసరి చేయలేదు కాబట్టి ఆ పని అవకాశంగానే మిగిలిపోయింది. జిల్లాకొక వృద్ధాశ్రమం ఎంతవరకు వచ్చిందో వివరాలు సేకరించి చెప్పాలని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో అశ్వనీ కుమార్ కేసులో ఆదేశించవలసి వచ్చిందంటే, చట్టం వచ్చిన పదకొండేళ్ల తరువాత కూడా లెక్క తేలలేదన్న మాట. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60–79 ఏళ్ల వృద్ధులకు కేంద్రం తన వాటాగా ఇస్తున్న పింఛను నెలకు 200 రూపాయలు. 2011లో ఎనభై దాటినవారికి 500 చేసి, మిగిలినవారిని అక్కడే వదిలేశారు. తెలుగు రాష్ట్రాలు తమ ఖజానా నుంచి కలిపి ఇస్తున్నాయి కాబట్టి, ఆంధ్రప్రదేశ్‌లో ఆ మొత్తం 2024 నుంచి 4,000 అయింది కాబట్టి ఇక్కడి ముసలివాళ్లు కొంత నయం. ఆ 200 రూపాయలను పెంచడానికి లేని డబ్బు, బిల్డర్లకు అదనపు అంతస్తుల రూపంలో, రాయితీల రూపంలో ఎక్కడి నుంచి ఊడిపడుతుందో ఆర్థిక శాఖలే చెప్పాలి. అదనపు ఎఫ్‌ఎస్‌ఐ ప్రభుత్వానికి ఖర్చు కాదని అనడం బుకాయింపు, ఆ అంతస్తుల నీరు, మురుగు, రోడ్డు భారమంతా ఊరే మోస్తుంది.

సంరక్షణకు సర్కారు సాయం బొత్తిగా లేదని కాదు: ధర్మసంస్థలు నడిపే ఆశ్రమాలకు నెలకు మనిషికి 25,000 రూపాయల దాకా జీఎస్టీ మినహాయింపు ఉన్నది. అయితే 70 దాటినవారందరికీ 2024 అక్టోబరులో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరితేనే అక్కరకు వస్తుంది గాని, చేరవలసిన అవసరం రాకుండా చూసే ఆయా జీతానికి రాదు.

ఈ ప్రాజెక్టుల అవసరం కల్పితమని ఎవరూ అనరు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసే కూతురు నల్లకుంటలోనో విజయవాడలోనో ఒంటరిగా మిగిలిన తండ్రి గురించి నిద్రలేని రాత్రులు గడపడం నిజం, పిల్లల మీద ఆధారపడకుండా తమ సొమ్ముతో తాము గౌరవంగా బతకాలని రిటైరైన దంపతులు కోరుకోవడం నిజం, 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులయ్యే దేశానికి ఇటువంటి నివాసాలు వేలకొద్దీ కావలసి రావడమూ నిజమే. ఆ భయాన్ని, ఆ ఆత్మాభిమానాన్ని పెట్టుబడిగా మార్చుకొని, మామూలు రెండు పడకగదుల ఫ్లాటుకు పట్టుకునే కమ్మీలు బిగించి, జారని టైల్స్ పరచి, పేరు మార్చి అధిక ధరకు అమ్మే వ్యవహారానికి ప్రభుత్వ ముద్ర వేయడమే నేరం. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో విశ్రాంత గృహాలకు నమూనా మార్గదర్శకాలు విడుదల చేసి, బిల్డరు, సేవలందించే సంస్థ, కొనుగోలుదారు కలిసి త్రైపాక్షిక ఒప్పందం చేసుకోవాలని సూచించింది. మంచి సూచన. నమూనా కావడంతో దానిని రాష్ట్రాలు తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు. అనుమతుల వేగం విషయంలో మాత్రం ఇటువంటి మొహమాటం కనిపించదు.

ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయిన తరువాత సంగతి మరీ దయనీయం. రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు గోడ బీటలు వారితే ఉచితంగా బాగుచేయించే బాధ్యత ప్రమోటరుది. రాత్రి డ్యూటీ ఆయాలు సగానికి తగ్గితే, సేవల సంస్థ మధ్యలో చేతులెత్తేస్తే, నెలసరి ఛార్జీలు చెప్పాపెట్టకుండా పెరిగితే అంత సూటిగా నిలదీసే దారి లేదు. 82 ఏళ్ల విధవరాలు, మోకాళ్లు పట్టేసిన స్థితిలో, తన పొదుపంతా ఆ ఫ్లాటులో ఇరుక్కుపోగా, వినియోగదారుల కమిషన్ మెట్లెక్కి వాయిదాల మీద వాయిదాలు తిరగాలన్నది ఈ ఏర్పాటులో దాగి ఉన్న షరతు.

అనుమతి ఇవ్వదలచిన అధికారికి పెద్ద పరిశోధన అవసరం లేదు. నివాసయోగ్యతా పత్రం మీద సంతకం చేసే ముందు, ఒక రాత్రి రెండు గంటలకు చెప్పకుండా వెళ్లి, ఏడో అంతస్తులోని స్నానాల గదిలో ఆ మీట తానే నొక్కి, గడియారం చూసుకుంటూ నేల మీద కూర్చోవచ్చు. ఎవరు వచ్చారో, ఎంతసేపటికి వచ్చారో, వారికి ఏ శిక్షణ ఉన్నదో దస్త్రంలో రాయవచ్చు. ఎవరూ రాకపోతే, సెట్‌బ్యాక్ ఎన్ని మీటర్లు ఉన్నా సంతకం చేయకుండా కలం జేబులో పెట్టుకొని రావచ్చు.