దోమ పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక: మియాపూర్ రోడ్డు వెంట అపార్టుమెంట్లు లేచాయి. వాటితోపాటు సంపులు, సెల్లారు గుంటలు, శ్లాబు తడపడానికి కట్టిన నీటి మడులు కూడా వచ్చాయి. నీళ్లున్న చోట దోమ, దోమ ఉన్న చోట వాట్సాప్ గ్రూపు. అట్టి గ్రూపులో సాఫ్ట్‌వేరే వృత్తిగా గల అజ్ఞాత కవి ఒకడు, దోమల ఫొటోలు పంపే యాప్ వాడకాన్ని తోటి నివాసులకు ఉపదేశింపబూని ఇట్లనుచున్నాడు.

మూలము (ఆటవెలది):

దోమ వాలె ననుచు తొందర పడబోక
ఫోను తీసి దాని ఫొటొను తీయు
చోటు తెలుపు గుర్తు జోడించి పంపరా
బాచుపల్లి వాస! భాగ్యరాశి!

ప్రతిపదార్థం: భాగ్యరాశి = ఇరవయ్యేళ్ల ఈఎంఐ గలవాడా; బాచుపల్లి వాస = ఓ బాచుపల్లి నివాసీ; దోమ వాలెననుచు = మోచేతిపై దోమ వాలిందని; తొందర పడబోక = అరచెయ్యి ఎత్తక, దోమల బ్యాటు వెతకక; ఫోను తీసి = ఛార్జింగు నుంచి ఊడబెరికి; ఫొటొను తీయు = కదలకుండా తీయుము; చోటు తెలుపు గుర్తు = లొకేషన్; జోడించి = ఆన్ చేసి; పంపరా = సబ్మిట్ నొక్కుము.

తాత్పర్యం: కుడితే కుట్టనీ, ముందు ఫొటో తియ్యమని.

విశేషాలు: "దోమ" అని ఊరకే అన్నా, ఇక్కడ ఆడదోమ అనే గ్రహించాలి. గుడ్లు పెట్టడానికి రక్తం కావలసింది దానికే. మగదోమ పూల తేనెతో కాలం గడుపుతుంది. తెలుగులో ఏకవచన క్రియకు స్త్రీ అన్నా అమహత్తు అన్నా ఒకటే గనుక కవికి చిక్కు రాలేదు. "ఫొటొ" అని హ్రస్వం చేయడం గణం కోసమే, క్షంతవ్యం.

"తొందర పడబోక" అన్నది పద్యానికి ప్రాణం. డెంగీ మోసే ఈడిస్ ఈజిప్టై పగలు కుడుతుంది. దాని కాళ్లకు తెల్ల పట్టీలు, వీపు మీద వీణ ఆకారంలో వెండి గీతలు. దాని దాయాది ఆల్బోపిక్టస్‌కు వీపు నడుమ, నామం దిద్దినట్టు, ఒకే తెల్లగీత. చప్పట్లో చిక్కిన దోమకు వీణా ఉండదు, నామమూ ఉండదు. 2014లో స్పెయిన్‌లో మొదలైన మస్కిటో అలర్ట్ యాప్‌లో జనం పంపిన ఫొటోలను కీటక శాస్త్రజ్ఞులు ఈ గుర్తులు చూసే తేలుస్తారు. 2018లో ఆ దేశపు ఉత్తరాన అస్టూరియాస్‌లో ఈడిస్ జపోనికస్ అనే పరదేశపు దోమ చేరిందని మొదట బయటపెట్టింది ఒక సామాన్యుడు పంపిన ఫొటోయే. ఆయన చెయ్యి ఆపుకున్నాడు.

పూర్వపక్షం: ఫొటోకు నిలవని దోమ మాటేమిటి? సమాధానం: చెవిలో పాడుతుంది కదా, ఆ పాట పట్టుకోవచ్చు. రెక్కల చప్పుడు జాతికో శ్రుతిలో ఉంటుంది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి స్టాన్‌ఫర్డ్‌లో ఆచార్యుడైన మను ప్రకాశ్ బృందం 2017లో అబజ్ పేరిట, మామూలు బటన్ ఫోనుతో రికార్డు చేసిన చప్పుడు నుంచే జాతిని గుర్తించవచ్చని చూపింది. స్మార్ట్ ఫోను లేనివారు కూడా అధికారులే అని దీని భావం.

"చోటు తెలుపు గుర్తు": ఇది లేని ఫొటో బంధువుల గ్రూపుకు తప్ప దేనికీ పనికిరాదు. ఏ వీధి, ఏ తేదీ అన్నది తెలిస్తేనే అది పటం మీద చుక్క అవుతుంది. చుక్కలు గుమిగూడిన చోటికే మందు కొట్టే మనిషిని పంపాలి.

"పంపరా" అన్నాడే గాని ప్రతిఫలం చెప్పలేదు. మన హైదరాబాద్‌లో పూర్వాచారం వేరు. బేగంపేటలో రొనాల్డ్ రాస్ పరిశోధనకు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకాటుకు అణా చొప్పున పుచ్చుకొని ఒళ్లప్పగించాడు. ఆ రక్తం తాగిన దోమల్లోనే 1897 ఆగస్టు 20న రాస్‌కు మలేరియా క్రిమి దొరికింది. ఆయనకు నోబెల్, ఖాన్‌కు అణాలు. బాచుపల్లి వాసికి "థాంక్యూ" అనే సందేశం మాత్రమే.

ఇక దోష విచారం. పద్యంలో అంతా ఉంది, నీళ్లు పారబోయమన్న మాట లేదు! నాసా వారి గ్లోబ్ అబ్జర్వర్ యాప్‌లో దోమలు పెరిగే నీటిని కనిపెట్టి, లార్వాలను లెక్కపెట్టి, ఫొటో తీశాక ఆఖరి మెట్టు ఆ నీటిని లేకుండా చేయడమే. మన కవి ఆ మెట్టు దిగలేదు. ఎగిరే దోమ వెంట కెమెరా పట్టుకుని తిరిగాడే గాని, తన బాల్కనీలో కుండీ కింది ప్లేటు చూసుకోలేదు. గుడ్డు దోమై ఎగరడానికి వారం పది రోజులు చాలు. అందుకే 2020లో తెలంగాణ పురపాలక శాఖ "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపునిచ్చింది. ఛందస్సు లేకున్నా అందులో విషయం ఉంది.

కాబట్టి ఓ భాగ్యరాశులారా, ఫొటో పంపండి, మంచిదే. పంపాక ఆ ప్లేటు వంచి, అంచు పీచుతో గట్టిగా రుద్దండి. ఈడిస్ గుడ్లు ఎండిన అంచునే అంటుకుని నెలల తరబడి బతికుంటాయి.