పలక చిక్కి బిళ్ళ అయిన వైనం

జ్వరం వచ్చినవారిని తెలుగు ఇళ్ళలో పెద్దలు మొదట అడిగే ప్రశ్న "టాబ్లెట్ వేసుకున్నావా?" అన్నదే గాని, "మందు పుచ్చుకున్నావా?" అన్నది కాదు, పొద్దు గూకిన తరువాత ఆ రెండో ప్రశ్నకు వచ్చే జవాబు జ్వరానికి సంబంధించినదై ఉంటుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఇలా సొంత మాటను మధుశాలకు ధారపోసిన జాతికి ఇంగ్లీషు నుంచి వచ్చిన ఈ పొట్టి మాటే దిక్కయింది. అయితే ఈ మాటకు రోగంతో గాని, నివారణతో గాని పుట్టుకతో ఏ చుట్టరికమూ లేదన్నది పదాల చరిత్ర తెలిసినవారు నవ్వుకొనే విషయం.

లాటిన్ భాషలో టాబులా అంటే చెక్కపలక. ఆ వంశంలోనే టేబుల్ పుట్టింది; దానికి 'చిన్నది' అన్న అర్థమిచ్చే ప్రత్యయం తగిలి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి నడిచి వచ్చిన రూపమే టాబ్లెట్. మొదట్లో అది రాత చెక్కిన పలకకు, ముఖ్యంగా బైబిలు కథలో మోషే కొండ మీది నుంచి దింపి తెచ్చిన ఆజ్ఞల పలకలకు పేరుగా చెలామణి అయింది. మందుబిళ్ళ అన్న అర్థం పదహారో శతాబ్దపు చివరి భాగంలో గాని స్థిరపడలేదు. కాబట్టి భోజనాల బల్లకూ, భోజనమైన వెంటనే వేసుకొమ్మని డాక్టర్లు చెప్పే బిళ్ళకూ ముత్తాత ఒక్కడే.

పలకకూ వైద్యానికీ పరిచయం మాత్రం అంతకంటే చాలా పాతది. ఇరాక్‌లోని నిప్పూరు శిథిలాలలో దొరికిన, క్రీ.పూ. 2100 ప్రాంతానికి చెందిన ఒక మట్టిపలక మీద సుమేరు వైద్యుడొకడు డజనుకు పైగా మందుల తయారీ విధానాన్ని రాసిపెట్టాడు. తాబేటి చిప్ప, పాము చర్మం, ఉప్పు వంటి సరుకులన్నీ చెప్పినవాడు ఏది ఎంత వేయాలో మాత్రం చెప్పలేదు. ఇది మరపో, ఇంటి గుట్టు పక్కవాడికి చిక్కకూడదన్న జాగ్రత్తో పండితులు తేల్చుకోవాలి. కొన్నింటిని బీరులో కలిపి తాగించమన్నాడు గనుక, మందు అన్న మాటకున్న రెండు అర్థాలూ నాలుగు వేల ఏళ్ళ కిందటే ఒకే గిన్నెలో కలిశాయని ఒప్పుకోవలసి వస్తుంది.

పలక మీద రాయడం అటుంచి, మట్టినే బిళ్ళగా చేసి మింగించిన ఘనత గ్రీకు దీవి లెమ్నోస్‌ది. అక్కడి పూజారిణి నేల మీద గోధుమలూ యవలూ చల్లి, ఎర్రమన్ను బండికెత్తించి, ఊరికి తెచ్చి, నీళ్ళలో కలిపి, తేర్చి, మైనంలా మెత్తబడ్డాక చిన్న చిన్న బిళ్ళలు చేసి, వాటి మీద ఆర్టెమిస్ దేవత ముద్ర వేసేది. ఈ ముద్ర మన్ను విషానికీ పుండ్లకూ విరుగుడని పేరు. రెండో శతాబ్దపు మహావైద్యుడు గాలెన్ స్వయంగా ఆ దీవికి వెళ్ళి, దీనిలో మేకనెత్తురు కలుపుతారట కదా అని వాకబు చేస్తే, విన్నవాళ్ళంతా పకపకా నవ్వారని ఆయనే రాసుకొన్నాడు. నవ్వులపాలయ్యాక మామూలు మనిషి ఖాళీ చేతులతో తిరుగుముఖం పడతాడు. ఆయన ఇరవై వేల బిళ్ళలు మూట కట్టుకొని మరీ బయలుదేరాడు.

నేటి అచ్చు బిళ్ళ పుట్టుక ఇంకా విడ్డూరం. అంతకుముందు మందు ముద్దను పాముగా చేసి, తుంచి, చేత్తో ఉండలు చుట్టేవారు. విలియం బ్రాకెడన్ అన్న ఇంగ్లీషు చిత్రకారుడికి పెన్సిళ్ళలో వాడే నల్లసీసం, అంటే గ్రాఫైటు, మంచి రకం దొరకక, దాని పొడినే అచ్చులో పెట్టి గట్టిగా నొక్కే ఉపాయం తట్టింది. 1843లో ఆయన పొందిన పేటెంటులో మందు ఉండలు, చప్పరించే బిళ్ళలు, నల్లసీసం మూడూ ఒకే పంక్తిలో కూర్చున్నాయి. బొమ్మలు గీసుకొనేవాడి అవస్థ తీర్చిన యంత్రమే లోకంలోని తలనొప్పులకూ పనికొచ్చిందన్నమాట.

ఆ బిళ్ళకు వ్యాపారం నేర్పినవారు లండన్‌లో కొట్టు తెరిచిన ఇద్దరు అమెరికన్లు, బరోస్, వెల్‌కమ్. తమ అచ్చు బిళ్ళలకు 1884లో 'టాబ్లాయిడ్' అన్న కొత్త మాటను పుట్టించి, ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించారు. మాట ఎంత రుచించిందంటే, జనం నొక్కి చిన్నది చేసిన ప్రతి వస్తువునూ టాబ్లాయిడ్ అనడం మొదలుపెట్టారు. 1903లో కోర్టుకెక్కి ఆ మాట తమదేనని కంపెనీ గెలుచుకొన్నది గాని, నోళ్ళకు ఇంజంక్షన్ తెచ్చుకోవడం ఎవరి తరం? వార్తలను కూడా మాత్రల్లా నొక్కి ఇచ్చే చిన్న పత్రికలకు ఆ పేరే అంటుకొన్నది. మందుబిళ్ళ తలనొప్పి తగ్గించడానికి పుట్టగా, దాని పేరు మోసిన పత్రికలు తలనొప్పి పంచిపెట్టే వృత్తిలో స్థిరపడ్డాయి.

ఇంగ్లీషువారు ఆకారాన్ని చూసి పేరు పెట్టారని నవ్వే హక్కు ఇక్కడివారికీ లేదు. తెలంగాణలో గోలీ అన్నా, ఇతర చోట్ల బిళ్ళ అన్నా కనబడేది ఆకారమే. కొలత అన్న అర్థమున్న మాత్ర ఒక్కటే కాస్త వైద్యం తెలిసినట్టు మాట్లాడుతుంది; అదీ ఛందస్సులో లఘువుకు ఒకటి, గురువుకు రెండు చొప్పున పంచుకోగా మిగిలినంత. ఇక శార్ఙ్గధర సంహిత మందు ఉండలకు చెప్పిన పర్యాయపదాలలో గుటిక, వటితో పాటు వటకం, మోదకం కూడా ఉన్నాయి. వటకం వడకు దగ్గరి బంధువు, మోదకం వినాయకుడి నైవేద్యం కావడం చేత, ఆ జాబితా చదివిన రోగికి తాను వచ్చింది వైద్యశాలకా, ఫలహారశాలకా అన్న సందేహం కలిగితే అతని తప్పేమీ లేదు. ఈ విషయంలో స్కాట్లాండువారు మరో అడుగు ముందుకు వేసి, పంచదార, వెన్న, గట్టిపాలు కలిపి పాకం పట్టి, ముక్కలు కోసిన మిఠాయికే టాబ్లెట్ అని పేరు పెట్టుకొన్నారు. మధుమేహం ఉన్నవారు ముట్టుకోకూడదని డాక్టర్లు ఒట్టు వేయించుకొనే టాబ్లెట్ ప్రపంచంలో బహుశా అదొక్కటే.