బాన్సువాడలో ఓ సీపీయూ ఆత్మకథ

నేను సెకండ్ హ్యాండ్ సీపీయూని. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత గ్రాఫిక్స్ కార్డొకటి తగిలించుకుని, బస్సులో బాన్సువాడ చేరాను. నన్ను కొన్నది డిగ్రీ చదివే పిల్లగాడు. అంతరిక్షం మీద గేమ్ చేయాలని వాడి పట్టుదల.

మొదట్లో వాడికి లెక్కల పిచ్చి. ఒక 'సీడ్' నంబరిచ్చి వేల గ్రహాలు పుట్టించమన్నాడు. కొండల ఎత్తు, ఆకాశం రంగు అన్నీ సూత్రమే తేలుస్తుంది. అదే నంబరిస్తే అదే గ్రహం మళ్లీ వస్తుంది కనుక దేన్నీ దాచిపెట్టక్కర్లేదు. ఫ్యాను గోలపెట్టినా పుట్టించాను. వాళ్ల చెల్లెలు నాలుగు గ్రహాల మీద దిగి, "గిది గూడ గట్లనే ఉన్నదన్నా, రంగొక్కటే మారింది" అని లేచిపోయింది.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. 1984లో డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ 'ఎలీట్' గేమ్‌ను 32 కేబీ బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో ఇరికించారు. మొదట 282 లక్షల కోట్ల గెలాక్సీలు పెడదామనుకున్నారు. అన్ని పెడితే లెక్కతో పుట్టినవని ఇట్టే తెలిసిపోతుందని ప్రచురణకర్తలు అడ్డుపడ్డారు. ఎనిమిదితో సరిపెట్టారు, ఒక్కోదాంట్లో 256 నక్షత్రాలు. 2016లో 'నో మ్యాన్స్ స్కై' వచ్చింది. 18 పక్కన 18 సున్నాలు పెడితే ఎన్నో, అన్ని గ్రహాలు! చాలామంది పెదవి విరిచారు. (తర్వాత ఉచిత అప్‌డేట్లతో పరువు నిలబెట్టుకుంది లెండి.)

2019 నాటి 'ఔటర్ వైల్డ్స్' ఆడిన రాత్రి మావాడు నిద్రపోలేదు. అందులో గ్రహాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదటికే. ఆయుధాలు, డబ్బు కూడబెట్టేది లేదు, తెలుసుకున్నదే మిగులుతుంది. మన అంతరిక్ష ఓడలోని చిట్టా (లాగ్) ఏ ఆచూకీ దేనితో ముడిపడిందో చూపిస్తుంది, జవాబు మాత్రం చెప్పదు.

తెల్లారి మావాడు వేల గ్రహాలు చెరిపేసి ఆరు ఉంచాడు. ఒకదాని మీద ఎండిన కాలువ గీశాడు. నిజాంసాగర్ నీళ్లు పారే ఊళ్లో పుట్టినవాడు మరి! బాణం గుర్తుల్లేవు. కాలువ వెంట పైకి పోతే వెడల్పవుతుంది, తూములు వస్తాయి, గట్టుకు నీటి మరకలు కనిపిస్తాయి. మలుపు తిరిగితే ఆనకట్ట, గేట్లన్నీ బార్లా తెరిచి ఉంటాయి.

"గేట్లు ఎవలు తీసిన్రన్నా?" అంది చెల్లెలు.

"నువ్వే పోయి చూడు."

అమ్మ అన్నానికి పిలిచినా ఆ పిల్ల కుర్చీ దిగలేదు. జవాబు పక్క గ్రహం మీదుంది, ఆ గ్రహం పని ఇంకా సగంలోనే ఉంది. ఈ కార్డుతో అదంతా లాగడం నావల్ల కాదు. మీ ఇంట్లో వాడకుండా పడున్న గ్రాఫిక్స్ కార్డుంటే మావాడికి ఇప్పించండి.