పలకని పలకకు అపరిమిత సంభాషణలు

మా ఇంట్లో ఒక పలక ఉంది. బలపం అక్కర్లేదు, తడిగుడ్డ అక్కర్లేదు, వేలు పెట్టి గీస్తే చాలు. ఇంట్లో అందరూ దాన్ని ట్యాబ్ అంటారు. నేను మాత్రం పలక అనే అంటాను. అది గుమ్మం తొక్కిన రోజే నేను మళ్లీ ఒకటో తరగతిలో పడ్డాను కాబట్టి ఆ పేరే దానికి తగింది.

కొన్న రోజున కొట్లో రెండు పలకలు పక్కపక్కన పెట్టారు. ఒకే కొలత, ఒకే రంగు, ఒకే మెరుపు. ధరలో మాత్రం పదిహేను వేలు తేడా. ఎందుకు బాబూ అంటే, "దీంట్లో సిమ్ పడుద్దండి" అన్నాడు కుర్రాడు. గోరంత సిమ్ము దూరే సందుకి పదిహేను వేలు! మా రాజమండ్రిలో ఆ డబ్బుకి మనుషులు దూరే వాటా నెల అద్దెకొస్తుంది. అయినా కొన్నాను. రైల్లో పేపరు చదువుకోవచ్చని, కోనసీమలో మా ఊరెళ్లినప్పుడు అరుగు మీద కూర్చుని మనవరాలి ముఖం పెద్దగా చూసుకోవచ్చని.

ఇంటికొచ్చాక మా అబ్బాయి పెట్టె అటూ ఇటూ తిప్పి చూసి, "వైఫైది కొనుక్కుని ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుంటే సరిపోయేది కదా నాన్నా" అన్నాడు. కొనకముందు చెబితే సలహా, కొన్నాక చెబితే శాపం. నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, "సరేలే, ఈ మోడల్లో సిమ్‌దానికి జీపీఎస్ కూడా ఉంటుంది, వైఫైదానికి ఉండదు" అని ఓదార్చాడు. నిజమే, ఉంది. నేను మా హాల్లోనే ఉన్నానని అది అప్పటికప్పుడు చూపించింది కూడా.

పలక కొనడం ఒక పూట పని. దానికి కంపెనీని కుదర్చడమే నన్ను ఈ ఫిర్యాదు రాసే దాకా తెచ్చింది.

మా నాన్నగారు టెలిఫోన్‌కి అర్జీ పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూశారు గానీ, ఏ కంపెనీది తీసుకోవాలా అని ఒక్క రాత్రీ నిద్ర చెడగొట్టుకోలేదు. ఉన్నది ఒకే శాఖ. అది ఇస్తే ఉంది, లేకపోతే లేదు. తర్వాత సెల్లొచ్చింది. 2003 దాకా మనకు ఎవరైనా ఫోన్ చేసినా మనమే డబ్బులు కట్టేవాళ్లం. బంధువులంటే ఎంత ప్రేమో ఆ రోజుల్లో బిల్లు చూస్తే తెలిసేది. ఆపైన ఎయిర్‌సెల్, టాటా డొకొమో, యూనినార్ అంటూ రోజుకో పేరు. మా వీధి చివర కిళ్లీకొట్టు గొడుగు మీద ఒకరి బొమ్మ, బల్ల మీద ఒకరి బొమ్మ, కొట్టతని టోపీ మీద మరొకరి బొమ్మ ఉండేవి. 2016లో మొదలైన ధరల యుద్ధం తర్వాత వాటిల్లో కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని మూతపడ్డాయి, కొన్ని ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇప్పుడు చెప్పుకోదగ్గవాళ్లు నలుగురే మిగిలారు. వాళ్ల పేర్లు రాయను. ఎంత తిట్టుకున్నా రేపు నా పలకకు ఆ నలుగురిలోనే ఒకరు గతి.

ముందు మా ఇంట్లో ఎవరి సిగ్నల్ ఎంతో తేల్చుకుందామని నా ఫోన్, మా ఆవిడ ఫోన్, కింద వాటా వాళ్లది, వాచ్‌మన్‌ది, నాలుగు కంపెనీల ఫోన్లూ పోగేశాను. నాలుగింటినీ ఒక పళ్లెంలో సర్ది, హారతి పట్టుకున్నట్టు పట్టుకుని, గదిగదికీ తిరిగాను. "ఆ పళ్లెం దేవుడిదండీ" అని వంటింట్లోంచి కేక వినబడింది. దేవుడి పళ్లెం మహిమో ఏమో, నాకో వాస్తు రహస్యం బయటపడింది. ఒక కంపెనీ పూజగదిలో, అంటే ఈశాన్యంలో మాత్రమే నాలుగు గీతలు చూపిస్తుంది. రెండోది ఆగ్నేయంలో, పోపు డబ్బా పక్కన. మూడోది నైరుతిలో, బీరువా తలుపు తీసి ఉంటేనే. నాలుగోది వాయవ్యంలో, స్నానాలగది కిటికీ దగ్గర. నేను రోజంతా కూర్చునే పడక్కుర్చీ హాలు నడిమధ్యన ఉంటుంది. బ్రహ్మస్థానాన్ని ఖాళీగా వదిలెయ్యాలన్న శాస్త్రాన్ని నలుగురూ తుచ తప్పకుండా పాటించారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఈశాన్యం కంపెనీ, ఆగ్నేయం కంపెనీ అనే పేర్లే స్థిరపడిపోయాయి.

ఇదంతా కాగితం మీద గడులు గీసి రాసుకుంటుంటే మా ఆవిడ వచ్చి చూసి, "ఇంట్లో వైఫై ఉందిగా" అంది.

అవును, ఉంది. సిమ్ కావలసింది ఇంట్లో కాదు, బయట. పళ్లెం కడిగి దేవుడి దగ్గర పెట్టి, బయటి సంగతి విచారించాను. విశాఖపట్నం రైల్లో సామర్లకోట దాకా ఎవరైనా పలుకుతారు. అన్నవరం దాటి కొండలు రాగానే ఈశాన్యం కంపెనీ సత్యదేవుడి ప్రసాదంతో పాటు దిగిపోతుంది. తుని దాకా నైరుతి ఒక్కటే కాస్త కొన ఊపిరితో ఉంటుంది. ఇక మా ఊరి సంగతి అడగడానికి మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాను. "మనూళ్లో వాయవ్యం వాళ్లదే టవరు పెదనాన్నా. బ్రహ్మాండంగా ఉంటది" అన్నాడు. ఒక క్షణం ఆగి, "కరెంటుంటే" అన్నాడు. అక్కడ కరెంటు ఎంతసేపు ఉంటుందో నాకు తెలుసు కాబట్టి ఇంకేమీ అడగలేదు.

5జీ చూసుకో అన్నారు కొందరు. 2022 అక్టోబరులో అది మన దేశానికొచ్చింది. ఒకరి 5జీ సొంత కాళ్ల మీద నడుస్తుందట, మరొకరిది 4జీ భుజాలెక్కి వస్తుందట. నా పలక ఏ రకాన్ని గుమ్మంలోకి రానిస్తుందో బ్యాండ్ల పట్టిక చూసి పోల్చుకోవాలట. ఎన్-78, ఎన్-28 అని ఉన్న ఆ పట్టిక చూస్తే నాకు రైలు బోగీలే గుర్తొచ్చాయి. అక్కడితో ఆ విచారణ ముగించాను.

చివరికి రైలుకే ఓటేసి, నైరుతి కంపెనీ కౌంటర్‌కి వెళ్లాను. అక్కడి అమ్మాయి మర్యాదస్తురాలే. "సిమ్ దేనికండీ?" అంది. పలకకన్నాను. ట్యాబ్ అని నా పక్కనున్నాయన అనువదించాడు. "ట్యాబ్‌కైనా ఫోన్ ప్లానే వేయించుకోవాలండీ. అన్‌లిమిటెడ్ కాల్స్, రోజుకి వంద ఎస్‌ఎంఎస్‌లు, రోజుకి ఒకటిన్నర జీబీ."

నా పలక మాట్లాడదు. మూతి ఉంది, చెవి ఉంది, కెమెరా కళ్లు రెండున్నాయి, కానీ ఫోన్ కాల్ అనేది దాని జాతకంలో లేదు. మెసేజీ పంపదు, వచ్చినా చూపించదు. అలాంటి పలకని పలకకు అపరిమిత సంభాషణలట, రోజుకో శతకమంత కబుర్లట! బట్టతల ఆసామికి దువ్వెనల దుకాణం రాసిచ్చినట్టుంది. ఉత్త డేటా ప్యాకులు లేవా అంటే ఉన్నాయంది, కానీ అవి అసలు ప్లాను వేయించుకున్నాక దాని మీద ఎక్కేవట. భోజనం కొంటే గానీ మజ్జిగ అమ్మరన్నమాట. విచిత్రం ఏమిటంటే 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారు, డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్సూ మెసేజీలూ మాత్రమే ఉండే వోచర్లు పెట్టి తీరాలని కంపెనీలను ఆదేశించారు. మంచి పనే, మా అత్తగారికి పనికొచ్చింది. మాటలక్కర్లేని మౌనుల గోడు కూడా ఎవరైనా వింటే బాగుండు. అత్తగారూ నా పలకా కలిసి ఒకే ప్లాను పంచుకుంటే లెక్క సరిపోయేది. ఆ సదుపాయం సంగతి మాత్రం ఆ అమ్మాయి ఎత్తలేదు.

ఇక ఆ ఒకటిన్నర జీబీ. అర్ధరాత్రి పన్నెండుకి మిగిలింది మిగిలినట్టే ఆవిరి. మునిసిపాలిటీ కుళాయి నీళ్లు గంటే వచ్చినా బిందెల్లో పట్టి దాచుకుంటాం. దీన్ని దాచుకునే బిందె లేదు. నెలలో ఇరవై నాలుగు రోజులు పలకలో చుక్క వాడను, మిగిలిన నాలుగు రోజులూ ప్రయాణంలో ఉంటాను. ఆ నాలుగు రోజుల్లో మధ్యాహ్నానికే కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంలో మనవరాలి ముఖం ముక్కు దాకా వచ్చేసరికి తుని వస్తుంది.

నెల అని నోరు జారాను, మన్నించాలి. నెల కాదు, 28 రోజులు. అమావాస్య నుంచి అమావాస్యకు చంద్రుడికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. నక్షత్రాల లెక్కన చుట్టి వచ్చినా ఇరవై ఏడు రోజుల చిల్లర. 28 ఆకాశంలో ఎవరి లెక్కకీ అందదు. భూమ్మీద ఫిబ్రవరి ఒక్కటే దానికి చుట్టం, అదీ నాలుగేళ్లకోసారి ముఖం తిప్పుకుంటుంది. 28ని 13తో హెచ్చవేస్తే 364. అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. మన పంచాంగంలో అధికమాసం రెండేళ్లు దాటాక గానీ రాదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది. చాంద్రమానం ఏటా సూర్యుడికి పదకొండు రోజులు వెనకబడితే ఆ లోటు పూడ్చడానికి పెద్దలు పెట్టిన సర్దుబాటు అది. టెలికాం పంచాంగంలో మాత్రం ఏటా అధికమాసమే. మన అధికమాసంలో శుభకార్యాలు చెయ్యరు. వాళ్ల దాంట్లో అంతకు మించిన శుభముహూర్తం లేదు.

ఈ పంచాంగం మీద ట్రాయ్‌కీ అనుమానం వచ్చింది. కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాను, ఒక్కటైనా ప్రతి నెలా అదే తేదీకి వేయించుకునే ప్లాను ఉండాలని 2022లో ఆదేశించింది. ఉన్నాయి. యాప్ తెరిచి, రంగుల బొమ్మలన్నీ దాటుకుని, అడుగుకి వెళ్లి వెతికితే కనబడతాయి. పాయసంలో జీడిపప్పు వెతికినట్టు వెతకాలంతే.

సరే, నైరుతి సిమ్మే తీసుకున్నాను. ఫోటో తీస్తూ ఆ అమ్మాయి "కళ్లార్పండి సార్" అంది. అరవై దాటినవాణ్ణి అలా అడిగినందుకు ఆశ్చర్యపోయాను. బతికున్నానో లేదో చూడ్డానికట. ఇంటికొచ్చి చూస్తే సిమ్ సందు తెరిచే సూది కనబడలేదు. మా ఆవిడ చెవి దుద్దు తీసిచ్చింది. బంగారపు దుద్దుతో పొడిస్తే గానీ తెరుచుకోలేదు ఆ పదిహేను వేల సందు. సిమ్ము లోపల పెట్టి చూస్తే ఉలుకూ లేదు పలుకూ లేదు. కౌంటర్‌కి ఫోన్ చేస్తే, "ఆ సిమ్ నుంచే మా నంబరుకి కాల్ చేసి వెరిఫికేషన్ చేయించుకోవాలండీ" అన్నారు. పలక కాల్ చెయ్యదమ్మా అన్నాను. "అయితే ముందు ఫోన్లో వేసి చెయ్యండి." మళ్లీ దుద్దు.

తర్వాత యాప్. ఓటీపీ పంపించామంది. ఎక్కడికి? పలకలో ఉన్న సిమ్ముకి. పలక దాన్ని మింగి కూర్చుంది. మళ్లీ దుద్దు. "మీ ప్లాను రేపటితో ముగుస్తుంది" అని కంపెనీ ఎంత ప్రేమగా మెసేజీలు పంపినా అన్నీ ఆ కడుపులోకే. అందుకే గోడ మీది వెంకట్రామా క్యాలెండర్‌లో, గ్యాస్ బండ తేదీకి పాల లెక్కకి మధ్యన, ఇరవై ఎనిమిదేసి రోజులకి ఎర్ర సున్నాలు చుట్టి పెట్టుకున్నాను. మొన్న మా పురోహితులు వచ్చి వాటిని చూసి, "ఇవి ఏ తిథులండీ?" అని అడిగారు.

రెండోసారి ఊరెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు చెప్పిందే నిజమైంది. అక్కడ నైరుతి గాలి సోకదు. వాయవ్యానికి మారిపోదామనుకున్నాను. నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే సదుపాయం 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. నా పలక నంబరు లోకంలో ఎవరికీ తెలియదు, నాకే తెలియదు, అయినా పోగొట్టుకోవడం దేనికని 1900కి పోర్ట్ అని మెసేజీ పెట్టబోయాను. పలక మెసేజీ పెట్టదు. మళ్లీ దుద్దు, మళ్లీ ఫోన్. కంపెనీలో చేరి 90 రోజులు నిండాలని జవాబొచ్చింది. ఇరవై ఎనిమిదేసి రోజుల రీచార్జులు మూడు కలిపినా 84 రోజులే. ఆ మిగిలిన ఆరు రోజులూ పలక పదిహేను వేల సందు తెరుచుకుని ఎదురుచూడాలన్నమాట.

ఇలా సిమ్ము నా ఫోన్లోకి వచ్చిన పది నిమిషాల్లోనే ప్రతిసారీ ఒక ఫోన్ వస్తుంది. ఆ నంబరు అంతకుముందు ఎవరిదో. మొదటిసారి "లోడు బయల్దేరిందాండీ?" అన్నాడో పెద్దాయన. రాంగ్ నంబరన్నాను. రెండోసారి, "ఐసు సరిపోద్దాండీ?" మూడోసారి నాకే కుతూహలం పుట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అపరిమిత సంభాషణలకు డబ్బులు కట్టినవాణ్ణి కదా! ఆయనది భీమవరం పక్కన రొయ్యల చెరువు.

"ఇన్నాళ్లూ ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తరేటండీ?" అన్నాడు.

"ఇది ఫోన్ కాదండీ, పలక."

కాసేపు అవతల నిశ్శబ్దం. తర్వాత, "ఎవరైతేనేం గానండీ, చదువుకున్నోరిలా ఉన్నారు. చెరువు దగ్గర సిగ్నలుండి చావట్లేదు. ఏ కంపెనీ తీసుకోమంటారు?" అన్నాడు.

కళ్లజోడు సర్దుకుని, గడులు గీసిన నా కాగితం ముందుకు లాక్కున్నాను.

"ముందీ సంగతి చెప్పండి. మీ చెరువుకి కాపలా పాక ఏ మూలన వేశారు?"