వేసవి సెలవుల నిర్వహణ: పెద్దలకు సంపూర్ణ మార్గదర్శిని

ఏప్రిల్ 24న బడికి తాళం పడుతుంది, జూన్ 12న తీస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్నేళ్లుగా దాదాపు ఇదే లెక్క. మధ్యలో 49 రోజులు పిల్లలు ఇంట్లోనే ఉంటారు. ఈ ఉపద్రవం గురించి ప్రభుత్వం ప్రతి ఏడూ ముందే చెబుతున్నా, ఏప్రిల్ 23 సాయంత్రం దాకా తల్లిదండ్రులకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అలాంటివారి కోసమే ఈ మార్గదర్శిని. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఒక్కటీ లేదు. అన్నీ మన కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో, పెళ్లిమండపాల్లో ఎన్నాళ్లుగానో అమల్లో ఉన్న పద్ధతులే.

గమనిక: ఈ మార్గదర్శిని ఫీజు కట్టగలిగిన ఇళ్లకు మాత్రమే. కూలికి వెళ్లే ఇళ్లకు ఇది వర్తించదు. అక్కడ బడితోపాటు మధ్యాహ్న భోజనం కూడా ఆగిపోతుంది కాబట్టి వాళ్ల ప్రణాళిక వేరు.

సూచన 1: ముందు సెలవుల్ని రద్దు చేయండి

ఖాళీగా ఉన్న పిల్లవాణ్ణి చూస్తే ఎవరికైనా కడుపులో దేవినట్టుంటుంది. ఆరో తరగతి అయితే ఐఐటీ ఫౌండేషన్‌లో వేయండి. ఏడో తరగతి అయితే ఇప్పటికే ఏడాది వెనకబడ్డాడు, రెండు ఫౌండేషన్లు వేయండి. ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు ఈ శ్రమ కూడా లేదు. వేసవిలో క్లాసులు పెట్టకూడదని ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక పేపర్లో పడ్డ రోజే కాలేజీ నుంచి ఫోనొస్తుంది. "సార్, సోమవారం నుంచి బ్రిడ్జి కోర్సండీ. యూనిఫాం వద్దు, మామూలు బట్టల్లో పంపించండి." యూనిఫాం ఎందుకు వద్దన్నారో పిల్లవాడు అడిగితే జవాబు చెప్పకండి. చెబితే వాడికి లోకజ్ఞానం అబ్బుతుంది. అది సిలబస్‌లో లేదు.

మధ్యాహ్నాలు మిగిలితే అబాకస్, వేదిక్ మ్యాథ్స్, కోడింగ్, కీబోర్డు, దస్తూరి, కరాటే ఉండనే ఉన్నాయి. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ శిబిరాన్ని మాత్రం మరిచిపోకండి. పదిహేను రోజుల్లో వ్యక్తిత్వం వికసిస్తుంది, పదహారో రోజు సర్టిఫికెట్ ఇస్తారు. లామినేషన్‌కు విడిగా కట్టాలి.

ఇంట్లో దొరికే చదువును మాత్రం దగ్గరికి రానివ్వకండి. మే నెలలో ఆవకాయ పెట్టేటప్పుడు పిల్లల్ని గదిలోకి పంపి తలుపు వేయండి. లేకపోతే కాయ బేరం చేయడం, తూకం చూసుకోవడం, ముక్కకు ఎంత కారం, ఎంత ఉప్పు, ఎంత ఆవపిండి అని నిష్పత్తి కట్టడం నేర్చేసుకుంటారు. ఉప్పు తగ్గితే ఊరగాయ ఎందుకు బూజు పడుతుందని అడుగుతారు. అమ్మమ్మ పాత కొలతపాత్రలు తీసిందంటే మరీ ప్రమాదం. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఇదే వరుసను కోడింగ్ క్లాసులో ఏసీ గదిలో కూర్చోబెట్టి చెబుతారు. అమ్మమ్మ ఊరికే చెప్పేస్తే ఆ ఫీజు ఏం కావాలి?

సూచన 2: పుస్తకం కంటపడనివ్వకండి

1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలు అటక మీద ఉంటే అటకమీదే ఉంచండి. ఒకసారి కిందికి దిగితే పిల్లలు మధ్యాహ్నం అన్నానికి పిలిచినా పలకరు. గ్రంథాలయం వైపు వెళ్లే దారి మార్చండి. మన పెద్దవాళ్లకు ఈ విషయంలో బొత్తిగా దూరదృష్టి లేదు. జనం పుస్తకాల దగ్గరికి రాలేకపోతున్నారని 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయాన్నే తిప్పారు. ఇప్పుడు కొన్నిచోట్ల ప్రభుత్వ గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు పెడుతున్నారు. కథలు చదివిస్తారట, చెప్పిస్తారట, బొమ్మలు వేయిస్తారట. అన్నీ ఉచితమే. అదే వచ్చిన చిక్కు. "మీ వాడి క్యాంపుకు ఎంత కట్టారు వదినా?" అని పక్కింటావిడ అడిగితే ఏ ముఖం పెట్టుకుని చెబుతారు?

సూచన 3: ఒళ్లు కదలకుండా చూసుకోండి

అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన పిల్లలు ఎప్పుడో ఆ లెక్క దాటేశారు. ఫోనులో పరిగెత్తుతున్నారు, దూకుతున్నారు, తుపాకులు పేలుస్తున్నారు. బొటనవేళ్ల వ్యాయామంలో మనల్ని మించినవాళ్లు లేరు.

అయినా కొందరు మొండి పిల్లలు బయటికి వెళతామంటారు. వాళ్ల కోసం ఒక కాలపట్టిక. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా గాలి చల్లగా ఉంటుంది, ఆ వేళ లేపకండి, పాపం సెలవులు కదా. పదింటికి లేస్తారు, పదకొండింటికి టిఫిన్ తింటారు. సరిగ్గా పన్నెండింటికి క్రికెట్ టోర్నీ మొదలవుతుంది, అప్పుడు పంపండి. సాయంత్రం అయిదున్నర తర్వాత నీడలు సాగి ఆటకు వీలైన వేళకు ట్యూషన్ పెట్టండి.

అపార్ట్‌మెంట్ కమిటీలకు ఒక మనవి. సెల్లారులో కార్లకు చోటు, పైన సోలార్ పలకలకు చోటు, మధ్యలో వాకింగ్ ట్రాక్ పెద్దలకు. "ఇక్కడ ఆడరాదు" అన్న బోర్డును పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి, దాన్ని గురిచూసి బంతి కొడుతున్నారు.

నీడపట్టున ఆడే ఆటల్ని అసలు గుర్తు చేయకండి. అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక, అచ్చనగాయలు. చింతపిక్కలూ గవ్వలూ ఉంటే చాలు, కరెంటు పోయినా ఆగవు. వాటితో ఇంకో ఇబ్బంది, పెద్దవాళ్లు కూడా కింద కూర్చుని ఆడాలి.

సూచన 4: ఎండకు భయపడకండి

మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ దాన్ని వడగాడ్పు అంటుంది. 45 తాకితే మామూలుతో పోల్చే పనే లేదు. ఏ మండలంలో తీవ్రత ఎంతో ఆంధ్రప్రదేశ్‌లో విపత్తుల నిర్వహణ సంస్థ ముందురోజే జాబితా ఇస్తుంది. ఆ జాబితా చూసి "మన రెంటచింతలకు ఇదేమన్నా కొత్తా?" అని నవ్వేసి, పెళ్లికి బయల్దేరండి. ముహూర్తం మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాలకు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నారు గానీ పిల్లల సంగతి చెప్పలేదు కాబట్టి అయిదేళ్ల పాపకు జరీ పట్టులంగా కట్టండి. జేబులో ఉల్లిపాయ వేయండి. జేబు లేకపోతే కుట్టించండి. ఉల్లిపాయ జేబులో ఉండగా మంచినీళ్ల సీసా మోయడం దండగ.

దాహం అన్నప్పుడు రంగు రంగుల అట్టపెట్టెలో వచ్చే పానీయం కొనిపెట్టండి. పెట్టె మీద మూడక్షరాల మందుపేరు ఉంటే చాలు, లోపల చక్కెర ఎంతుందో చూడాల్సిన పనిలేదని మనం చాలా ఏళ్లు నమ్మాం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఆ నమ్మకాన్ని చెడగొట్టారు. ఆవిడ ఏళ్ల తరబడి పోరాడగా, చక్కెర పానీయాలు ఓఆర్ఎస్ పేరు పెట్టుకోకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్ అంటే మందుల దుకాణంలో దొరికే పొడి, పెద్ద ప్యాకెట్టుకు సరిగ్గా లీటరు నీళ్లు. వీధి చివర చలివేంద్రంలో మజ్జిగ, బండి మీద తాటిముంజలు, ఇంట్లో రాగిజావ, అంబలి కూడా ఉన్నాయి. వీటికి టీవీలో ప్రకటనలు రావు కాబట్టి నమ్మలేం.

పెళ్లి నుంచి వస్తూ మందుల షాపు దగ్గర ఆగితే, నిద్రపోతున్న పిల్లవాణ్ణి కారులోనే వదిలి అద్దాలు ఎత్తేయండి. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అనండి. ఎండలో ఆపిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. మందుల షాపులో రెండు నిమిషాల్లో పని అయిన మనిషిని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

2015 మే నెల వడగాడ్పులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది ఎండలో పనికి వెళ్లక తప్పనివాళ్లు, ముసలివాళ్లు. మనం మాత్రం భోజనాల కోసం వెళుతున్నాం. అక్కడ పిల్లవాడికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తూలుతూ ఉంటే "దిష్టి తగిలింది" అని తేల్చి ఉప్పు, మిరపకాయలు తిప్పేయండి. నీడకు చేర్చడం, ఒళ్లంతా తడిపి విసరడం, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయడం వంటి పనులు మొదలుపెడితే రెండో పంక్తిలో చోటు పోతుంది.

సూచన 5: నీళ్ల దగ్గర నమ్మకం ముఖ్యం

ఊరికి వెళ్లాక పిల్లల బాధ్యత సులువుగా దించుకోవచ్చు. అయిదుగురు పిల్లలు ఉంటే అందరిలో పెద్దవాణ్ణి పిలవండి. వాడికి పద్నాలుగేళ్లు. "ఒరేయ్, తమ్ముళ్లు జాగ్రత్త" అనండి. అంతే, మీరు పెద్దరికం అప్పగించేశారు. ఇప్పుడు మామిడిరసంతో అన్నం తిని, పేకముక్కలు పంచుకోవచ్చు. ఒక కునుకు తీయవచ్చు.

వాళ్లు చెరువుకు వెళతారు. నిరుడు మోకాలి లోతు ఉన్నచోట ఈ వేసవిలో మట్టి తవ్వి ట్రాక్టర్లకు ఎత్తారని వాళ్లకు ఎవరూ చెప్పరు. కాలువ కట్టేశారు కదా అని మనం నిశ్చింతగా ఉంటాం, కాలువలో మిగిలిన మడుగులు మనకు లెక్కలోకి రావు. రాళ్ల క్వారీ గుంటలో నీళ్లు పచ్చగా, అద్దంలా ఉంటాయి. అంచున అడుగు వేస్తే రెండో అడుగుకు నేల ఉండదు.

మునిగేవాడు సినిమాలో లాగా చేతులు ఊపుతూ కేకలు వేస్తాడని మీ నమ్మకం. నిజంగా మునిగేవాడికి కేకకు ఊపిరి ఉండదు. నీళ్లు చప్పుడు చేయకుండానే మింగేస్తాయి. వాడి కోసం రెండోవాడు దూకుతాడు, రెండోవాడి కోసం మూడోవాడు. అందుకే పేపర్లో ఈ వార్త ఎప్పుడూ ఒక్క పేరుతో ఆగదు. దూకకుండా చీరో, తాడో, వెదురుగడో, ఖాళీ ప్లాస్టిక్ క్యానో విసరాలని ఆ పిల్లలకు చెప్పలేదు. ఏ శిబిరం సర్టిఫికెట్‌లోనూ ఆ పాఠం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షలు. అందులో దాదాపు నాలుగోవంతు అయిదేళ్లలోపు పిల్లలే.

పూర్వం తండ్రులో మేనమామలో వీపుకు బెండ్లు కట్టి, నడుం లోతు నీళ్లలో తాము నిలబడి, రోజూ పొద్దున్నే ఈత నేర్పేవాళ్లు. ఆ పద్ధతి మానేశాం. అందులో పెద్దవాళ్లు కూడా తడవాలి.

సూచన 6: జూన్ 11న లెక్క చూసుకోండి

సర్టిఫికెట్లు నాలుగు. స్టేటస్‌లో పెట్టిన ఫొటోలు లెక్కలేనన్ని. కళ్లజోడు నంబరు కొంచెం పెరిగింది. పిల్లవాడికి మీ ఊరి చెరువు పేరు తెలియదు గానీ, ఆటలో ఎన్నో లెవెల్‌లో ఉన్నాడో వాడికి తెలుసు. సెలవులు విజయవంతంగా ముగిశాయి.

ఇక్కడితో మార్గదర్శిని అయిపోయింది. చివరగా మాత్రం వ్యంగ్యం పక్కనపెట్టి ఒక మాట. పైన చెప్పిన శిబిరమైనా, ట్యూషనైనా, ఫోనైనా, పద్నాలుగేళ్ల అన్నయ్యకు అప్పగించిన కాపలా అయినా, మనం కూర్చోవాల్సిన చోట వాటిని కూర్చోబెడుతున్నాం. పిల్లలు నేర్చుకోవాలన్నా, ఆడాలన్నా, క్షేమంగా ఉండాలన్నా పక్కన పెద్దమనిషి ఒకరు కావాలి. రోజంతా అక్కర్లేదు. ఎండ ఎక్కకముందు ఒక గంట, పొద్దువాలాక ఒక గంట చాలు. ఈ వేసవిలో డబ్బు ఎక్కడ కట్టినా కట్టకపోయినా మీ పిల్లలకు ఈత నేర్పించండి. ఈత వచ్చినా రాకపోయినా వాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఫోను ఇంట్లో పెట్టి, గట్టు మీద మీరు కూర్చోండి.