సద్దిమూట సూత్రం – టీకా తాత్పర్య సహితం

మూలము

“డియర్ ట్రెక్కర్స్! ప్రతి ఒక్కరూ రెండు రోజులకు సరిపడా సింపుల్, హోమ్‌మేడ్, హై ఎనర్జీ, లో వెయిట్ మీల్స్‌ను సెల్ఫ్‌గా ప్రిపేర్ చేసుకుని క్యారీ చేయవలెను. న్యూట్రిషన్ విషయంలో నో కాంప్రమైజ్. మైండ్‌ఫుల్‌గా తిని ప్రకృతితో మమేకం కాగలరు.”

అవతారిక

నల్లమలలో శని, ఆదివారాల నడకకు బయల్దేరే బృందానికి నాయకులవారు ఈ సూత్రాన్ని శుక్రవారం రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్ ముఖంగా అనుగ్రహించారు. బస్సు తెల్లవారుజామున నాలుగింటికి. కర్త ఎవరో, కాలమేదో ఇంత కచ్చితంగా తేలిన గ్రంథం మన వాఙ్మయంలో అరుదు. అర్థమొక్కటే తేలలేదు.

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమవాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ గంటం పట్టాడు. ఆయనకు దొరికిన మూలం అటువంటిది. నాకు దొరికింది ఇటువంటిది. కనుక ఆ రెండు నియమాల నుంచీ నన్ను నేనే మినహాయించుకుంటున్నాను.

టీక

డియర్ ట్రెక్కర్స్: సుగమము.

ప్రతి ఒక్కరూ: నాయకులవారు మినహా. ఈ అర్థం ఏ నిఘంటువులోనూ లేదు. శనివారం మధ్యాహ్నం ఆయన వట్టి చేతులతో ఒక్కొక్క డబ్బా దగ్గరా ఆగి “ఏదీ, రుచి చూద్దాం” అన్నప్పుడు ప్రత్యక్ష ప్రమాణంగా లభించింది.

రెండు రోజులకు: ఇక్కడ పాఠభేదం ఉంది. రెండో గ్రూపులోకి వెళ్లిన ప్రతిలో “రెండు పూటలకు” అని కనిపిస్తున్నది. లేఖక ప్రమాదమని కొందరు, ఆటోకరెక్టు వారి ప్రక్షిప్తమని కొందరు. ఏది గ్రాహ్యమో పండితులు తేల్చేలోగా ఆదివారం తెల్లారింది. పూట పాఠం వారు లేచి వచ్చి రోజు పాఠం వారి పక్కన కూర్చున్నారు.

హై ఎనర్జీ, లో వెయిట్: ఈ జంటను నాయకులవారు ఏదో తపస్సు చేసి సాధించినట్టు పలుకుతారు గానీ, దీని వెనకున్నది చిన్న లెక్క. గ్రాము పిండిపదార్థం ఇచ్చేది 4 కిలోకాలరీలు, మాంసకృత్తులూ అంతే, నూనె నెయ్యి అయితే 9. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 130 కిలోకాలరీలే, ఎందుకంటే అందులో మూడింట రెండొంతులు నీళ్లు. అదే తూకం అటుకుల్లో 350 దాకా, వేరుసెనగ గుళ్లలో 560కి పైన. అంటే అన్నం డబ్బా నెత్తుకుని కొండెక్కేవాడు ముఖ్యంగా నీళ్లు మోస్తున్నాడు. ఈ లెక్క నోటితో చెప్పకుండానే మనవాళ్లు దూరప్రయాణానికి అటుకులు, పల్లీ ఉండలు, నువ్వుండలు, సత్తుపిండి కట్టారు. ఉగాదికి ఉత్తర కర్ణాటక నుంచి శ్రీశైల మల్లన్న దగ్గరికి కాలినడకన వచ్చేవాళ్ల ప్రాంతపు దారితిండి ఎండు జొన్నరొట్టె, వేరుసెనగ కారప్పొడి. వాళ్లు దాటేదీ ఇదే నల్లమల. వాళ్లనెవరూ ట్రెక్కర్లు అనరు, వాళ్ల రొట్టెను ఎవరూ మీల్ ప్లాన్ అనరు.

నాయకులవారైతే బస్సులో డీహైడ్రేషన్ టెక్నాలజీ మీద సుదీర్ఘంగా ప్రసంగించారు. విదేశాల్లో కూరగాయల్లోని నీరు తీసేసి పొట్లాలు కడతారట, నెలల తరబడి నిలవుంటాయట. ఇంత చెబుతూ మధ్యమధ్య ఆయన కొరుకుతున్నది వెనక సీటులో ఒకావిడ ఇచ్చిన చల్లమిరపకాయ. చల్లమిరపకాయలు, మామిడి ఒరుగులు, వడియాలు అనేవాటిని నాయకులవారు టెక్నాలజీ కోవలో చేర్చలేదు.

విశేషము

“నో కాంప్రమైజ్” అన్న చోట ప్రవరుణ్ణి తలచుకోకుండా దాటిపోవడం తెలుగు వ్యాఖ్యాతకు తగదు. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన తీర్చిదిద్దిన ఈ గృహస్థు, తెలుగు కావ్యాల్లో హిమాలయం చూడబోయినవాళ్లలో అందరికంటే ప్రసిద్ధుడు. ఆయన సన్నాహం ఎలాంటిదో చూడండి. ఇంటికి వచ్చిన సిద్ధుడికి ఆతిథ్యమిచ్చాడు, తీర్థాల కబుర్లు విన్నాడు, కాళ్లకు పసరు పూయించుకున్నాడు, వెళ్లిపోయాడు. భుజాన సంచి లేదు, సంచిలో సద్ది లేదు. లో వెయిట్ సిద్ధాంతానికి ఇది పరాకాష్ఠ.

తరువాత ఏమైంది? మంచు తగిలి పసరు కరిగింది. తెచ్చుకున్న ఒకే ఒక్క పరికరం అక్కరకు రాకుండా పోయింది. పొద్దు నడినెత్తికెక్కింది. ఇల్లెక్కడో, అగ్నిహోత్రం ఎక్కడో. ఆ స్థితిలో ఆయనకు కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు వాసన తగిలింది. ఇక్కడ వ్యాఖ్యాతలందరూ శృంగారం వైపు మళ్లిపోయారు. నేను విభేదిస్తున్నాను. తాంబూలం భోజనానంతర క్రియ. కొండమీద పొగ కనిపిస్తే నిప్పుందని ఊహించడం తార్కికులకు ఒజ్జబంతి. అదే కొండమీద తాంబూలం వాసన వస్తే దగ్గరలో ఎక్కడో భోజనం అయిందని ఊహించాలి. ఏమీ కట్టుకురాని బ్రాహ్మడు ఆ వాసన వెంబడి నడిచాడంటే దానికి వేరే హేతువు వెతకడం గౌరవ దోషం.

ఆ వాసన చివర ఎదురైన అప్సరస వరూధిని ఆతిథ్యం ఇస్తానంది. నిత్యకర్మలు తప్పుతాయని ఆయన వద్దన్నాడు, ఇంటికి దారి అడిగాడు. తిండి కంటే ముందు దారి అడిగిన ఆ ఒక్క విషయంలో మాత్రం ఇప్పటి నాయకుల కంటే ప్రవరుడు మెరుగు. చివరికి అగ్నిదేవుణ్ణి వేడుకుని ఇల్లు చేరాడు. ఈలోగా ఒక గంధర్వుడు ఆయన రూపం ధరించి వచ్చి కథను వరూధిని కొడుకు స్వారోచి దాకా, ఆపైన మనువు దాకా నడిపించాడు. రెండు దోసిళ్ల అటుకులు ఉత్తరీయపు కొంగున ఉండి ఉంటే ఏ సెలయేటి ఒడ్డునో నానబెట్టుకుని తినేవాడు, వాసన పట్టించుకునేవాడు కాదు, ఒక మన్వంతరమే తారుమారయ్యేది. సద్ది కట్టుకోకుండా కొండెక్కితే మన పేరు చెప్పుకుని భోగం మరొకరు అనుభవిస్తారని ఇక్కడి ధ్వని.

ఇక ప్రస్తుతానికి వద్దాం.

పూర్వపక్షము: అక్కడే వేడివేడిగా వండుకోవచ్చు కదా? కూడదు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. ఎండిన నల్లమల గడ్డిలో ముప్పు తేని నిప్పు ఏదో చూపించినవారికి పాదాభివందనం. మరి ఇంటి దగ్గరే అన్నం వండి, డబ్బాలో కుక్కి తెచ్చుకుంటే? అది ఇంకా కూడదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. డబ్బాలో అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. వాంతులు చేయించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు.

సిద్ధాంతము: పులిహోర. మన పెద్దవాళ్లు అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో ఆరబోసేది మెతుకు విడివడడానికే అనుకుంటాం. ఆ గోరువెచ్చటి ఘడియలను తొందరగా దాటించడం కూడా అందులోనే జరుగుతుంది. చింతపండు పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం. పులుపు దండిగా పట్టిన మెతుకు మీద ఆ సూక్ష్మజీవులకు ఎదుగుదల కష్టం. ఉల్లిపాయ వేయరు, తడి చెయ్యి పెట్టరు. ఇంత చేసినా ఎండాకాలంలో అది మొదటి రోజు భోజనమే. రెండో రోజుకు అన్నం మాట ఎత్తకుండా, నూనె తేలేదాకా కాచిన పులిహోర పులుసు సీసాలో, మందపాటి అటుకులు సంచిలో విడివిడిగా తీసుకెళ్లాలి. అక్కడ అటుకులు చన్నీళ్లలో తడిపి, పిండి, కాసేపు మెత్తబడనిచ్చి పులుసు కలిపితే చాలు. పైన వేయించిన పల్లీలు. పొయ్యి అక్కర్లేదు, గిన్నె ఒక్కటి.

హోమ్‌మేడ్, సెల్ఫ్‌గా ప్రిపేర్ చేసుకుని: ఈ వాక్యానికి వ్యాకరణం ప్రకారం కర్త ట్రెక్కరు. వంటింటి ప్రకారం వాళ్లమ్మ. రాత్రి పదకొండింటికి సందేశం చదివిన ట్రెక్కరు దాన్ని గట్టిగా చదివి వినిపించి, నాలుగింటికి లేవాలి గనక పడుకుంటాడు. ఆవిడ చింతపండు నానేస్తుంది. పల్లీలు వేయిస్తుంది. పులుసు దగ్గర పడేదాకా మాడకుండా కలుపుతూ నిలబడుతుంది. ఇంగువ డబ్బా అడుగంటిందని అప్పుడే తెలుస్తుంది. రెండున్నరకు అన్నం వార్చి, ఆరబోసి, విసురుతుంది. మూడున్నరకు కొడుకును లేపుతుంది. వాడు సంచి ఎత్తి చూసి “బరువెక్కువైందమ్మా” అంటాడు. ఇదంతా నేను అలంకారానికి చెబుతున్నది కాదు. ఆ బస్సులో ఎవరి డబ్బా ఎవరు కట్టారని అడుగుతూ పోతే, సొంతంగా ప్రిపేర్ చేసుకున్నది తెచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లు ఇంట్లో మిగిలినవాళ్లకు కూడా రెండు రోజుల కూర వండి, ఫ్రిజ్‌లో పెట్టి వచ్చారు. స్వావలంబన గురించి, అడవి నేర్పే పాఠాల గురించి నాయకులవారు చుట్టూ కూర్చోబెట్టి చెబుతుంటే వాళ్లలో ఒకావిడ కూర్చునే నిద్రపోయింది.

సింపుల్: ఈ పదాన్ని వండనివాళ్లే వాడతారు. ఉదాహరణలు ఇళ్లలోనే ఉన్నవి.

మైండ్‌ఫుల్‌గా తిని: ఒక్కొక్క ముద్దనూ ధ్యాసతో నమలమని అర్థం. ధ్యాస ఫోటో మీద ఉండగా కోతి ఒకటి వచ్చి ఒకరి పల్లీ ఉండలను అలాగే నమిలింది.

ప్రకృతితో మమేకం: తిన్నవాళ్లు లేచి వెళ్లాక రాళ్ల సందుల్లో చిప్స్ పొట్లాలు, బిస్కెట్ కవర్లు మిగిలాయి. ఇంటి వంటల తాలూకువి కావు, డబ్బాలు తిరిగి ఇళ్లకే వెళ్లాయి. ఇవి పూట పాఠం వారు దారిలో కొన్నవి. మేం కొందరం ఏరి సంచిలో వేసుకున్నాం. నాయకులవారు మమ్మల్ని కూడా ఫోటో తీసి, బృందం పేరుతో పెట్టారు.

తాత్పర్యము

“పోస్టరులో ‘ఫుడ్ ఇన్‌క్లూడెడ్’ అని వేసి డబ్బు కట్టించుకున్నాం. వంటమనిషి కుదరలేదు. డబ్బు తిరిగి ఇవ్వం.”